స్తంభమెక్కిన విమానం

పోయిన నెలలో ఫరీదాబాద్‌లో ఒక గృహప్రవేశానికి వెళుతూ, ట్రాఫిక్ దయవల్ల ఒకేచోట సుమారు ఒక యుగం ఆగిపోయి, క్యాబ్ కిటికీలోంచి తలెత్తి చూస్తే మా విమానం కనిపించింది. మా విమానమంటే మేం ఎక్కి తిరిగిన ఏదో కంపెనీ విమానం అనుకునేరు. అచ్చంగా మాదే. మా పిన్ని ఇస్త్రీ చేసిన రెక్కలు, మా బాబాయి చిత్రిక పట్టిన ముక్కు, నేను లాగిన తీగలు. ఒక ప్రైవేటు స్కూలు గేటు పక్కన, సిమెంటు స్తంభం మీద, ముక్కు కాస్త పైకెత్తి, ఇంకో క్షణంలో హర్యానా వదిలి హిమాలయాలకు పోతానన్న ధోరణిలో నిలబడి ఉంది. తోక మీద పావురాలు తరతరాలుగా కాపురం చేస్తున్న గుర్తులున్నాయి. క్యాబ్ ఎలాగూ కదలదు కాబట్టి దిగి గేటు దగ్గరికి వెళ్ళాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గార్డు మఫ్లరు సర్దుకుని నన్ను పైకీ కిందికీ చూసి, ఏం చూస్తున్నారని అడిగాడు. "క్యా దేఖ్ రహీ హైఁ, మేడమ్ జీ?"

"యే జహాజ్," అన్నాను విమానం వైపు చూపిస్తూ.

"డమ్మీ హై. కభీ ఉడా నహీ." ఇది బొమ్మ, ఎప్పుడూ ఎగర్లేదని తేల్చేశాడు.

నా వంట బాగాలేదన్న చుట్టాలని క్షమించాను. నా హాస్యానికి నవ్వు రాలేదన్న పాఠకులని క్షమించాను. ఈ మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండింది. "ఉడా హై భయ్యా" అన్నాను. ఆయన నా మోకాళ్ళ వంక జాలిగా చూసి, "ఆప్ పైలట్ థీఁ?" అన్నాడు. కాదు, వైరింగు నాది అని చెప్పాను. ఆయన మొహంలో నమ్మకం అనే పదార్థం మచ్చుకి కూడా కనిపించలేదు. ఆయన కోసం కాకపోయినా, మీ కోసమైనా సంగతంతా చెప్పాలి.

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పాసైన నన్ను మా నాన్న కలెక్టర్ని చేద్దామని తెనాలి నుంచి ఢిల్లీకి పంపారు. కోచింగ్ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, మకాం సరోజినీ నగర్‌లో మా పిన్నీ బాబాయిల గవర్నమెంటు క్వార్టర్లో. కింది వాటా, వెనకాల చిన్న పెరడు. మొదటి రోజు పిన్ని తలుపు తీసి, బాగున్నావా అనలేదు, నాన్న ఎలా ఉన్నారు అనలేదు. "వంగి రావే పద్దూ, రెక్క తగులుతుంది," అంది. వంగి వెళ్ళాను. ముందు గదిలో సోఫాకీ టీవీకీ మధ్య, ఈ గోడ నుంచి ఆ గోడదాకా, ఒక రెక్క పడుకుని ఉంది. రెండోది పడగ్గదిలో మంచం పైన తాళ్ళతో వేలాడుతోంది. ఆ ఇంట్లో ఎవరూ నిటారుగా నడవగా నేను చూడలేదు. బాబాయి ఆఫీసు నుంచి పెద్ద పెద్ద డైరెక్టర్లు వచ్చినా సరే, ఢిల్లీలో ఎక్కడా వంగని నడుములు మా గుమ్మంలో వంగేవి.

బాబాయి కేంద్ర ప్రభుత్వంలో ఆనకట్టల ఇంజనీరు. జీవితమంతా నీళ్ళని కదలకుండా ఆపడమే ఆయన ఉద్యోగం. బహుశా దానికి విరుగుడుగానే కుర్రతనంలో సఫ్దర్‌జంగ్ ఎయిర్‌పోర్టులో గ్లైడర్లు నడిపి, ఆ తరవాత చిన్న విమానం నడిపే లైసెన్సు కూడా సంపాదించారు. లైసెన్సు ఉంది, విమానం లేదు. కొనగలిగే స్తోమతు లేదు. అందుకని చెక్కా గుడ్డా విమానం నమూనా పటాలు తెప్పించుకుని, ఇంజను ఒక్కటీ విదేశం నుంచి దిగుమతి చేయించుకుని, మిగతాదంతా ఇంట్లో మొదలుపెట్టారు. ఇద్దరు పట్టే బుల్లి విమానం. తెల్లారి పాలపాకెట్ల భయ్యా బెల్లు కొట్టేసరికి ఆయన చిత్రిక పడుతూ ఉండేవారు. మా ఉప్మాలో కరివేపాకు కంటే చెక్కపొట్టు ఎక్కువగా వచ్చేదంటే అందులో అతిశయోక్తి చాలా కొద్ది.

పిన్నిని తక్కువ అంచనా వెయ్యకండి. ఆ విమానంలో సగం ఆవిడది. రెక్క చెక్కచట్రం మీద గుడ్డ అతికించాక, ఇస్త్రీపెట్టె వేడికి అది బిగుసుకుని డప్పులా మోగాలి. వేడి ఎక్కువైతే గుడ్డ కాలుతుంది, తక్కువైతే పెళ్ళిపందిరిలా ఊగుతుంది. కంచిపట్టు చీరల దగ్గర సాధించిన ఆ చేతినేర్పు బాబాయికి చచ్చినా రాలేదు. గుడ్డని చట్రానికి కలిపి కుట్టే కుట్లన్నీ ఆవిడవే. ఆ తరవాత గుడ్డకి పూసే రంగు గోళ్ళరంగు వాసన వేసేది. పిన్ని పోపులో ఇంగువ వాసన, ఆ గోళ్ళరంగు వాసన కలిస్తే పుట్టేది ఈ భూమ్మీద ఇంకెక్కడా పుట్టి ఉండదు. ఇప్పటికీ ఎవరైనా నా పక్కన గోళ్ళకి రంగు వేసుకుంటే నాకు చారు గుర్తొస్తుంది.

నేను రాజ్యాంగంలో అధికరణాలు బట్టీ పట్టాల్సిన టైములో తీగలు లాగడం మొదలుపెట్టాను. బాబాయి అడగలేదు. ఆయన వేసిన వైరింగు పటం చూసి, ఇందులో తప్పుంది, ఇలా చేస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా లైటు వెలుగుతుందని నేనే చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "అయితే నువ్వే చెయ్యి. రేపు ఏదన్నా కాలితే నీ పేరే చెప్తా," అన్నారు. అలా ఆ విమానం నరాలన్నీ నా చేతిమీదుగా వెళ్ళాయి. తీగల కట్టల్ని మైనం దారంతో ముడివెయ్యాలి. పుస్తకంలో ఉన్న ముడి నాకు పడలేదు. పిన్ని వచ్చి, తెనాలిలో మల్లెమాల కట్టే పద్ధతిలో, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, చూస్తూ ఉండగా మూరెడు కట్టేసింది. ఆ ముడి జారదు, తీగని నొక్కెయ్యదు. మా విమానంలో తీగలన్నీ మాలకట్టుతోనే ఉన్నాయి. వాసన ఒక్కటే తక్కువ.

ఇంట్లో పేచీ అంతా ఒకే విషయంలో. దసరాకి ఆయుధపూజ రోజున పిన్ని కుట్టు మిషను, మిక్సీ, స్కూటరు, కత్తిపీట, ఆఖరికి నా క్యాలిక్యులేటరు, అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. విమానం దగ్గరికి రాగానే బాబాయి అడ్డం నిలబడేవారు.

"చెక్కకీ ఇనుముకీ బొట్టేమిటే. ఇది శాస్త్రం."

"స్కూటరేమన్నా పురాణమా? దానికి ఊరుకున్నారుగా."

"స్కూటరు ఆగిపోతే పక్కకి తోసుకుంటాం. ఇది ఆగితే ఎక్కడికి తోస్తావ్? దీన్ని నమ్మాల్సింది లెక్కల్ని బట్టి, బొట్టుని బట్టి కాదు."

"సరే. బొట్టు లేని బండి నేనెక్కను. మీరూ మీ లెక్కలూ ఊరేగండి," అని పిన్ని పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయేది. కానీ రెండో సీటుకి దిండు మాత్రం ఆవిడే కుట్టింది, తన నడుముకి సరిపోయేట్టు.

ఒకసారి పెరట్లో ఇంజను పరీక్షించాం. ఆ గాలికి మా బ్లాకులో ఆరేసిన బట్టలన్నీ సామూహికంగా లేచి గోడ దాటాయి. పై వాటా ఆంటీ తన భర్త పైజామా మర్నాడు సరోజినీ బజార్లో హ్యాంగరుకి వేలాడుతుంటే బేరమాడి తెచ్చుకున్నానని ఒట్టు పెట్టి చెప్పేది. అదే ఆఖరు, మళ్ళీ అక్కడ ఇంజను తిప్పలేదు.

ఇంతలో బాబాయి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వాళ్ళు కొనుక్కున్న ఫ్లాటు జనక్‌పురిలో మూడో అంతస్తు. రెక్క కాదుగదా, పిన్ని మంచమే మెట్ల మలుపులో ఇరుక్కుని రెండు ముక్కలైంది. విమానానికి దిక్కు సోహ్నా దాటాక ఒక చౌదరి గారి పొలం. ఆయనకి ఒక గడ్డి రన్‌వే, ఒక రేకుల షెడ్డు ఉండేవి. సరదాకి గాల్లో తిరిగే ఢిల్లీ పెద్దమనుషులు అక్కడ దిగేవాళ్ళు. చౌదరి గారు తన షరతు నిష్కర్షగా చెప్పారు. ఎగిరేదైతే జీవితాంతం ఉంచుకోండి, నాకూ గొప్ప. ఎగరనిదైతే నాకు గేదెల మేత, భూసా పెట్టుకోడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే ఫరీదాబాద్‌ నుంచి ఒక ప్రిన్సిపాల్ దిగాడు. విమానం ఇచ్చేస్తే స్కూలు గేటు దగ్గర స్తంభమెక్కించి, కింద బాబాయి పేరు చెక్కిస్తానన్నాడు. బాబాయి ఆయనకి టీ ఇచ్చి, బిస్కెట్లు ఇచ్చి, జవాబు మాత్రం ఇవ్వలేదు. ఆయన వెళ్ళాక, "బతికుండగా శిలాఫలకం వేయిస్తాడట," అని పిన్నితో అన్నారు. ఆ రాత్రి చపాతీ సగంలో వదిలేశారు.

కాబట్టి వ్యవహారం ఇదీ. విమానాల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి బాగుందని రాస్తే గాల్లోకి, లేదంటే స్తంభం మీదికి. మధ్యే మార్గం లేదు.

టెంపోలో రెక్కలు పడుకోబెట్టి, చివర పిన్ని ఎర్ర జాకెట్టు ముక్క కట్టి, ఊరేగింపుగా తీసుకెళ్ళాం. షెడ్డులో బిగించాక ఇన్‌స్పెక్టరు భాటియా గారు వచ్చారు. నవ్వడానికి పై నుంచి అనుమతి రావాలన్నట్టుండే మనిషి. రెక్కలు తట్టారు, డప్పులా మోగాయి. కుట్లు చూశారు. మాలకట్టు దగ్గర ఆగి, "యే గాఁఠ్ కిస్‌నే లగాయీ?" అని, ఈ ముడి ఎవరు వేశారని అడిగారు. పిన్ని షెడ్డు బయట నవారు కుర్చీలో పచ్చి బఠాణీలు ఒలుస్తూ చెయ్యెత్తింది. ఆయన తలాడించారు. మాకు ప్రాణం లేచొచ్చింది. బాబాయి ఇంజను స్టార్టు చేశారు. మీటర్లలో ముళ్ళన్నీ పచ్చగీతల మధ్య బుద్ధిగా నిలబడ్డాయి. "రేడియో," అన్నారు భాటియా గారు. మాట్లాడ్డానికి బాబాయి బటన్ నొక్కారు.

ఇంజను ఆయిలు వేడి చూపించే ముల్లు ఎగిరి ఎర్రగీత మీద కూర్చుంది. బటన్ వదిలారు, దిగింది. నొక్కారు, ఎక్కింది. ఆయన మాట్లాడినప్పుడల్లా ఇంజనుకి జ్వరం వస్తోంది.

"గురువారం మళ్ళీ వస్తాను," అన్నారు భాటియా గారు హిందీలో. "గాల్లో మీరు ఏ ముల్లుని నమ్ముతారు? అప్పటికీ ఇలాగే ఉంటే పనికిరాదని రాయక తప్పదు." ప్రిన్సిపాల్ ఆదివారానికి క్రేను మాట్లాడి ఉంచానని అప్పటికే కబురు పెట్టాడు.

ఆ తరవాత రోజులు నన్ను చాకిరేవులో బట్టలుతికినట్టు ఉతికాయి. తీగలు నావి కాబట్టి తప్పు నాదే అయ్యుండాలి. బాబాయి ఆ మాట అనలేదు. అనకుండా ఉండడంలో ఆయనకి గొప్ప ప్రావీణ్యం. "చూడు పద్మా, ఎక్కడో చిన్నది అయ్యుంటుంది," అనేవారు. ఆ 'చిన్నది' అనడంలో తీహార్ జైలంత బరువుండేది. ముల్లు ఉన్న మీటరు మార్చాం, అదే తంతు. రేడియో తీగని లోహపు జల్లెడ తొడుగులో పెట్టాం, అదే తంతు. ఏంటెన్నాని తోక దాకా జరిపాం. పిన్ని మాత్రం రోజూ ఒకే వైద్యం చెప్పేది. "మాట్లాడకుండా నడపండి. ఇంట్లో అలాగే ఉంటారుగా."

బుధవారం మధ్యాహ్నం షెడ్డులో వెల్లకిలా పడుకుని, కాళ్ళు బయట, తల మీటర్లుండే పానెల్ కింద పెట్టి ఆలోచించాను. కరెంటు బ్యాటరీ నుంచి వెళ్ళేటప్పుడు ఎవరి దారి వాళ్ళది. తిరిగొచ్చేటప్పుడు అందరిదీ ఒకటే గుమ్మం. పానెల్ వెనక ఒక ఇత్తడి బోల్టు, దానికి తగిలించిన, తీగల చివరుండే రాగి ఉంగరాలు. దాన్నే ఎర్త్ బోల్టంటాం. లోహపు విమానమైతే ఒళ్ళంతా దారే. మాది చెక్కా గుడ్డా కాబట్టి ఈ ఒక్కటే గతి. ఆ గుమ్మం కిర్రుమంటూ ఇరుగ్గా ఉంటే? రేడియో అనే లావుపాటాయన అందులోంచి దూరినప్పుడల్లా, ముల్లు అనే బక్కప్రాణి వెనక్కి తోపుడు తినదా? వోల్టేజి కొలిచే మీటరు కొనలు బోల్టుకీ తీగల ఉంగరానికీ ఆనించి, "బాబాయ్, బటన్ నొక్కు," అన్నాను. రెండిటి మధ్యా వోల్టేజి కనపడకూడదు. కనపడింది. గుమ్మం దొరికింది.

నట్టు విప్పాను. నేను శుభ్రం చేసి మెరిపించిన ఉంగరాల మధ్య, ఎండిపోయి, గట్టిపడి, పసుపుపచ్చగా, దాని మీద ఎర్రగా ఒక ముద్ద. చుట్టూ రాగి పచ్చబారి చిలుం పట్టి ఉంది. నాకు మొదట అర్థం కాలేదు. వాసన చూశాను. పేరంటం వాసన.

"పిన్నీ," అని పిలిచాను. గొంతులో నేరనిరూపణ జరిగిపోయింది. "ఇక్కడ బొట్టు పెట్టావా?"

పిన్ని బఠాణీల గిన్నె పక్కన పెట్టి వచ్చింది. ఉంగరాన్ని ఎండకి పట్టుకుని తిప్పి చూసింది. "పసుపు రాసి, దాని మీద కుంకం. వరస తెలిసినవాళ్ళే పెట్టారు," అంది.

"తెలిసినవాళ్ళంటే నువ్వేగా ఉన్నావ్."

"నా బొట్టయితే పైన ఉంటుందే, నలుగురికీ కనపడేట్టు. నట్టు కింద దాచుకుని పెట్టే బొట్టు నాది కాదు."

షెడ్డులో ఉన్నది ముగ్గురం. నేను పెట్టలేదు. పిన్ని పెట్టలేదు. ఇద్దరం కలిసి మెల్లగా తలలు తిప్పాం. దేశంలో సగం నదుల్ని అదుపు చేసిన మనిషి, ప్రతి దసరాకీ మాకు శాస్త్రీయ దృక్పథం బోధించిన మనిషి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. అద్దం అరిగిపోతుందేమో అన్నంత శ్రద్ధగా తుడిచారు.

"పానెల్ మూసే రోజు," అన్నారు చివరికి. "అన్ని తీగలూ ఒకచోట కలిసేది అదే కదా అని."

"పైన పెట్టొచ్చుగా బాబాయ్. పైన పెడితే ఏమీ కాదు. కింద పెట్టి బిగించావు కాబట్టి కరెంటుకి అడ్డం పడింది."

"పైన పెడితే మీ పిన్ని చూడదూ?"

"చూస్తే ఏం?" అంది పిన్ని.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆవిడ వంక కాకుండా రెండో సీటు వంక, ఆవిడ కుట్టిన దిండు వంక చూశారు. "బొట్టు లేని బండి ఎక్కనన్నావుగా మరి," అన్నారు.

 ఏళ్ళ తరబడి సాగిన వాదన నెగ్గినవాళ్ళు చెయ్యాల్సిన గొడవ ఒక్కటీ పిన్ని చెయ్యలేదు. తన చేతిలో ఉన్న ఉంగరాన్ని నాకిచ్చి, "గీకవే, చీకటి పడేలోపు," అని మళ్ళీ బఠాణీల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ ఒలిచిన బఠాణీల్లో సగం తొక్కల్లోనూ, సగం తొక్కలు గిన్నెలోనూ పడ్డాయి.

నేను గరుకు కాయితంతో ఉంగరాలన్నీ రుద్ది, మెరిసేదాకా మెరిపించి, బిగించాను. గురువారం భాటియా గారు వచ్చారు. బటన్ ఆయనే నొక్కారు, మళ్ళీ నొక్కారు, ముల్లుకి తెలియకుండా హఠాత్తుగా కూడా నొక్కి చూశారు. ముల్లు కదల్లేదు. అప్పుడు టార్చి వేసి పానెల్ కింద చూశారు. ఇత్తడి నట్టు నెత్తిన, గుండ్రంగా, నిండుగా, పొద్దున్నే పెట్టిన బొట్టు.  ఆయన టార్చి ఆర్పి, నిటారుగా నిలబడి, "ఔర్ నారియల్?" అన్నారు. కొబ్బరికాయ ఏదీ అని అడుగుతున్నారు. చౌదరి గారి ఇంటి నుంచి కాయ తెప్పించి, చక్రం ముందు కొట్టాకే ఆయన సంతకం పెట్టారు. కొబ్బరి చెక్క కూడా ఒకటి తీసుకెళ్ళారు.

మొదటిసారి బాబాయి ఒక్కరే వెళ్ళారు, రూలు అంతే. నా చేతిలో చిన్న రేడియో. విమానం గడ్డి మీద గెంతుతూ పోయి, గెంతడం మానేసి, ఆవపొలాల మీదికి లేచింది. లేచిందని రాయడానికి నాకు ఇంకా పెద్ద మాటలు వచ్చు. ఆ రోజు ఒక్కటీ గుర్తురాలేదు. చౌదరి గారి గేదెలు కూడా తలెత్తాయని అందరికీ చెప్తుంటాను, నిజానికి నేను వాటి వంక చూడలేదు. పిన్ని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. రేడియోలో గరగరమంది. గాల్లోంచి మనిషి మొదటిసారి మాట్లాడబోతున్నాడు. జీవితమంతా ఎదురుచూసినవాడు, ఏదో ఒక గొప్ప మాట అంటాడని చెవి ఒగ్గాను.

"ముల్లు కదల్లేదు," అన్నారు బాబాయి.

కొన్ని వారాలు ఒంటరిగా ఎగిరాక రెండో సీటుకి అనుమతి వచ్చింది. అప్పటికి పిన్ని చీర కొంగు బొడ్లో దోపుకుని సిద్ధంగా ఉంది. ఆ తరవాత చాలా ఏళ్ళు ప్రతి ఆదివారం ఇద్దరూ సోహ్నా మీద తిరిగారు. జనక్‌పురి ఫ్లాటులో ఇంగువ వాసన మాత్రమే మిగిలింది. బాబాయి కళ్ళు మందగించి డాక్టరు ఇక నడపొద్దన్న రోజున, ఆయనే ప్రిన్సిపాల్‌కి ఫోను చేశారు. శిలాఫలకం మాత్రం వద్దన్నారు.

ఇప్పుడు నా కారులో ఏదన్నా తేడా వస్తే తెర మీద పసుపు దీపం వెలిగి, సర్వీస్ సెంటరుకి వెళ్ళమంటుంది. వెళితే వాళ్ళు కంప్యూటరు తగిలించి, నాకు కాఫీ ఇచ్చి, ఒక నల్ల డబ్బా పీకి ఇంకో నల్ల డబ్బా పెడతారు. ఎందుకు పోయిందని అడిగితే, పోయింది మేడమ్ అంటారు. నిజం చెప్పాలంటే అది మా విమానం కంటే బాగా నడుస్తుంది. దాని కింద వెల్లకిలా పడుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. పడుకున్నా నన్ను లేపడానికి క్రేను కావాలి. కానీ లోపల ఏ గుమ్మం దగ్గర ఎవరి బొట్టుందో నాకు తెలీదు. నేను కలెక్టర్ని కాలేదని మా నాన్న బాధపడ్డారు. నేను పడలేదు. సరోజినీ నగర్ క్వార్టరు కూడా ఇప్పుడు లేదు, అక్కడ పెద్ద టవర్లు లేచాయి. వాటి గుమ్మాల్లో ఎవరికీ వంగాల్సిన పని లేదు.

గార్డు ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను జనక్‌పురికి ఫోను కలిపాను. బాబాయి మధ్యాహ్నం కునుకులో ఉన్నారట, పిన్ని తీసింది.

"పిన్నీ, మన విమానం ఎప్పుడూ ఎగర్లేదంటున్నాడు ఇక్కడ గార్డు."

 "వాడికియ్యి," అంది.

ఇచ్చాను. నలభై ఏళ్ళుగా ఢిల్లీలో ఉన్నా తెనాలి దాటని ఆవిడ హిందీ నాకు రోడ్డు మీదికి వినిపించింది. "సునో భయ్యా. మైఁ బైఠీ థీ ఉస్‌మే. హర్ ఇత్‌వార్. సూయీ దేఖ్‌తీ థీ మైఁ, పూరా టైమ్. ఏక్ బార్ భీ నహీ హిలీ." నేను కూర్చున్నాను అందులో, ప్రతి ఆదివారం, ఉన్నంతసేపూ ముల్లునే చూస్తూ, ఒక్కసారి కూడా కదల్లేదు.

గార్డు లేచి నిలబడ్డాడు. "జీ, మాతాజీ," అన్నాడు. ఫోను నాకిచ్చి, మఫ్లరు తీసి, మెడ వెనక్కి వంచి, స్తంభం మీద విమానాన్ని చాలాసేపు చూశాడు. వెనక నా క్యాబ్ డ్రైవరు హారను కొడుతున్నాడు.

"మేడమ్ జీ," అన్నాడు గార్డు నెమ్మదిగా, "కౌన్ సీ సూయీ?"